కింద నిలబడే మనిషి

బాలశౌరి ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో ముప్పయ్యేళ్లు రేకులు కొట్టాడు. యాభై దాటేసరికి సుత్తి దెబ్బలు ఆయన చెవుల్ని తినేశాయి. మొదట్లో పక్కన నిలబడి అరిస్తే గొణుగుడులా ఏదో అందేది, తర్వాత అదీ పోయింది. షెడ్డు మానేసి రేకుల ఇళ్ల మీద టర్బో ఫ్యాన్లు బిగించే పనిలోకి మారాడు. ఆ ఫ్యాన్‌కి కరెంటు అక్కర్లేదు. గాలికి అదే తిరుగుతూ గదిలో వేడిని పైకి లాగేస్తుంది. రేకుకి కన్నం కోసి పెట్టాలి కాబట్టి, ఆ చుట్టూ వాన చుక్క దిగకుండా మూయడంలోనే పనితనమంతా ఉంది.

ఎక్కడ పని ఒప్పుకున్నా భార్య అమలమ్మ వెంట వచ్చేది. ఆయన పైన, ఆవిడ ఇంట్లో సరిగ్గా కన్నం కింద. ఆయన బకెట్టుతో నీళ్లు పోస్తే చెమ్మ దిగుతోందేమో చూసేది. ఫ్యాన్ తిప్పితే కీచుమంటోందేమో వినేది. తర్వాత వాకిట్లోకొచ్చి చెయ్యెత్తితే పని బాగున్నట్టు. తల అడ్డంగా ఊపితే మళ్లీ విప్పాలి. భర్తకి చెముడని ఇళ్లవాళ్లకి తెలియనిచ్చేది కాదు. మాటలన్నీ ఆవిడే మాట్లాడేది.

కిందటేడు ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రాకముందే అమలమ్మ గుండెపోటుతో పోయింది. ఆ తర్వాత ఎవరి పెదాలూ తనకోసం కదలకుండానే పొద్దుగూకిన రోజులు చాలా ఉన్నాయి బాలశౌరికి. ఆదివారం గుళ్లో జనం లేస్తే లేచేవాడు, మోకరిస్తే మోకరించేవాడు. ఫ్యాన్లు అమ్మే చక్రి పని ఉన్న ఇంటి అడ్రసు ఫోన్లో రాసి పంపిస్తే, సంచి తీసుకుని ఒక్కడే వెళ్లేవాడు.

మే నెలలో మంగళగిరిలో రత్తయ్య అనే నేతపనివాడి ఇంటికి వెళ్లాడు. రేకుల గదిలో మగ్గం. కరెంటు ఫ్యాన్ వేస్తే దాని మీద సాగదీసి కట్టిన పడుగు ఎండి పోగులు తెగుతాయి, వెయ్యకపోతే మనిషి ఉడికిపోతాడు. రత్తయ్య చెప్పినదాంట్లో సగం పెదాలు చూసి పట్టుకున్నాడు, మిగతా సగానికి ఊరికే తలూపాడు. ఫ్యాన్ కింది పళ్లెం పై అంచుని, ఇంటి నడినెత్తిన బోర్లించిన కొప్పు రేకు కిందకి దూర్చాడు. నీళ్లు పారే పల్లంలో కాకుండా రేకు గట్ల మీదే, రబ్బరు వాషర్లతో స్క్రూలు బిగించాడు. చుట్టూ సిలికాన్ పూశాడు. నీళ్లు పోసి, తనే దిగి లోపల చూసుకున్నాడు. పొడిగా ఉంది. ఫ్యాన్ తిప్పి రేకు మీద అరచెయ్యి ఆనించాడు. అదురు లేదు. బాగుందనుకుని వచ్చేశాడు.

నాలుగో రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే ఫోన్లో రత్తయ్య నుంచి ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేసి మాత్రం ఏం వింటాడు? పడుగు తడిసిందేమోనని భయమేసింది. మొదటి బస్సు పట్టుకుని మంగళగిరి వెళ్లాడు.

తలుపు తీసి ఉంది. నేరుగా మగ్గం దగ్గరికి నడిచి పడుగు తడిమాడు. పొడిగానే ఉంది. తలెత్తి పైకి చూస్తూ ఉండిపోయాడు. రత్తయ్య భార్య రావమ్మ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మిమ్మల్నేనండీ! ఇందాకట్నుంచీ పిలుస్తుంటే పలకరేంటి?"

బాలశౌరి ఆమె మొహంకేసి చూశాడు.

"నాకు వినపడదమ్మా. బొత్తిగా వినపడదు."

పరాయి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. గట్టిగా అన్నాడో మెల్లగా అన్నాడో ఆయనకే తెలియలేదు.

రావమ్మ మొహంలో విసుగు పోయింది. ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "వాన చుక్క కూడా దిగలేదండీ. గాలేస్తే మాత్రం కీచుమంటంది. మా ఆయనకి కునుకు లేదు. అందుకే ఫోన్ చేశాడు."

"చేస్తే ఎవరెత్తుతారమ్మా. ఇదివరకు మా ఆవిడుండేది. పోయింది."

రావమ్మ తలెత్తి ఫ్యాన్‌కేసి చూసింది.

"మీరిక్కడే నిలబడండమ్మా. నేను పైన తిప్పుతుంటా. అరుపు ఆగితే వాకిట్లోకొచ్చి చెయ్యెత్తండి," అన్నాడు.

రెండుసార్లు ఆమె వచ్చి తల అడ్డంగా ఊపింది. మూడోసారి ఇరుసు విప్పి, వంపు సరిచేసి, గ్రీజు పెట్టి తిప్పాడు. రావమ్మ బయటికొచ్చి చెయ్యెత్తింది. బాలశౌరి ఆ చెయ్యికేసి చూస్తూ రేకుల మీదే కూర్చుండిపోయాడు. ఎండకి రేకు కాలుతున్నా లేవలేదు. ఆమె నీళ్ల చెంబు తెచ్చి నిచ్చెన కింద నిలబడింది. తొందర పెట్టలేదు.

దిగాక అన్నం తిని వెళ్లమంది. ఇంట్లో పనుందని చెప్పి వచ్చేశాడు. పనేం లేదు.

అప్పట్నుంచి ఏ ఇంటికెళ్లినా నిచ్చెన వెయ్యకముందే చెప్పేస్తున్నాడు, తనకి వినపడదని, కింద ఒకరు నిలబడాలని. కొందరు నిలబడతారు. కొండపల్లిలో ఒకాయన మాత్రం వేరే మనిషిని చూసుకుంటామని గుమ్మంలోంచే పంపేశాడు. బాలశౌరి సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కి నడిచాడు. రైలు ఇంకా రాలేదు. బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఏదో అడిగాడు.

"వినపడదండీ," అన్నాడు బాలశౌరి.

పెద్దాయన కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.