మరిది కళ్లు

మా నల్గొండ పల్లెల్లో బతికుండగా మంచి ఫొటో దిగని మనిషి పోతే, శవాన్ని లేపకముందే ముఖం ఫొటో తీయమని స్టూడియోకు కబురొచ్చేది. మూసిన కళ్ల ఫొటోను గోడకు పెట్టరు. అందుకని తోడబుట్టినవాళ్ల ఫొటోలోంచి కళ్లు తీసి కంప్యూటర్లో అతికించడం మా పని. తెలంగాణ వచ్చిన కొత్తలో తిరుమలగిరి దగ్గర ఒక రైతుకు అలాగే, పెద్దలు చెప్పగా, తమ్ముడి కళ్లు పెట్టాను.

మొన్న వానాకాలంలో ఆ రైతు భార్య ఫ్రేమును కొంగులో చుట్టుకుని దుకాణానికి వచ్చింది.

"కాకా, మా మరిది గూడ పోయిండు. ఆయన ఫొటో నా పెనిమిటి ఫొటో పక్కకే పెట్టిన్రు. ఇద్దరు ఒక్క తీరుగ సూస్తున్నరు. గా అర్రల కూసుంటే బువ్వ దిగుతలేదు. నా పెనిమిటి అసలు మొకం యాదికొస్తలేదు. నువ్వు మొదాల కొట్టిన ఫొటో ఉన్నదా?"

"ఫైలున్నది బిడ్డా. తెరుసుకుంటదో లేదో."

"గదేంది, బీరువానా?"

ఆనాడు రా ఫైలుగా తీశాను. అంటే కెమెరా చూసిన వెలుతురును వండకుండా దాచిన ముడిసరుకు. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ కెమెరాతోపాటు సీడీలో ఇచ్చారు. నా పాత కంప్యూటర్ పోయింది. కొత్తది ఆ సీడీని ఒప్పుకోలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరేమో ఈ ఫైలు నాకు తెలియదంది. ఒళ్లు మండింది. కెమెరా నేను కొన్నది, ఫొటో నేను కొట్టింది, ముఖం ఈమె మొగుడిది. తాళంచెవి మాత్రం ఎక్కడో కంపెనీ చేతిలో! నాకు పని నేర్పిన ఉస్తాదు తీసిన నెగెటివ్‌ను ఈరోజు కిటికీకి ఎత్తి పట్టుకున్నా మనిషి కనబడతాడు.

నేను బడికి పోయింది తక్కువ. ఇంగ్లిషు కూడా తెర మీద వచ్చే ఇలాంటి మొండి జవాబులు చదివి నేర్చుకున్నదే. పాత కెమెరాల ఫైళ్లు చదివే సాఫ్ట్‌వేర్ ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా పెట్టారని వెతికి పట్టుకున్నాను.

ఫైలు తెరుచుకుంది. ఆ కెమెరా రంగులు దానికి సరిగా తెలియవు. ముఖం ఆకుపచ్చగా, నీళ్ల అడుగు నుంచి లేచినట్టు వచ్చింది. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. దవడ చుట్టూ కట్టిన తెల్లగుడ్డను ఆనవాలుగా పెట్టుకుని, అది తెల్లగా కనబడేదాకా రంగు సరిచేశాను. పచ్చదనం దిగిపోయి చామనఛాయ తేలింది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడలేదు.

"నేనే మూసిన," అంది తెర దగ్గరికి వంగి. "ఒకటి మూసుకోలే. ఆయినే. గిదే ఆయిన మొకం."

అలవాటు కొద్దీ గుడ్డను చెరిపేయబోయాను.

"ముట్టకు కాకా. అది కట్టింది గూడ నేనే. గట్లనే తియ్యి."

"మూసిన కండ్లు గోడకు పెడితే మీవోళ్లు ఊకుంటరా?"

"దినాం సూసేది నేను. వాళ్లా?"

ప్రింటు తీసి ఫ్రేములో బిగించాను. పాత ఫొటో బల్ల మీద మిగిలింది. "గిది చింపెయ్యి," అని ఆమె వెళ్లిపోయింది.

రెండు చేతులా పట్టుకున్నాను. కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు. అన్నో తమ్ముడో చెప్పలేను. చింపలేక సొరుగులో బోర్లా పెట్టాను. ఇంకా అక్కడే ఉంది.