చైనా వరద పటంలో ఘట్‌కేసర్ ముక్క

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, జూలై మూడో వారంలో, ఉప్పల్‌లోని మా ఉపగ్రహ చిత్రాల కార్యాలయంలో నన్ను వరద విభాగానికి అధిపతిగా వేశారు. మన నదులు పొంగితే ఏయే ఊళ్లు మునిగాయో పటం గీసి ఇవ్వడం ఆ విభాగం పని. చేరిన నాలుగో రోజు పొద్దున్నే ఢిల్లీ నుంచి వేరే రకం పని వచ్చింది. చైనా దక్షిణాన నదులు పొంగాయి. వరి ఎంత మునిగింది, ఆ దేశానికి తిండిగింజల కొరత వస్తుందా అన్నది సాయంత్రం నాలుగింటికల్లా తేల్చాలి. కొరత వస్తే వాళ్లు ఎక్కడ దొరికితే అక్కడ బియ్యం కొంటారు, ఇక్కడ ధరలు పెరుగుతాయి. మన ఎగుమతులు ఆపాలా వద్దా అన్న నిర్ణయానికి నా సంతకంతో వెళ్లే నివేదికే ఆధారం.

నిజం చెబుతున్నాను, ఒళ్లు పులకరించింది. అంత పెద్ద ప్రత్యర్థి గుట్టు నా బల్ల మీదికి రావడం అదే మొదటిసారి. నాచారంలో ఇంట్లో టిఫిన్ అలాగే వదిలేసి పరుగెత్తాను.

మబ్బు పట్టిన రోజుల్లో మామూలు కెమెరా పనికిరాదు, రాడార్ చిత్రం వాడతాం. అందులో నిలిచిన నీళ్లు నల్లగా పడతాయి. నెల కిందటి చిత్రంతో పోల్చి, కొత్తగా నల్లబడిందంతా వరద కింద లెక్కిస్తాం. పదకొండింటికి పటం తయారైంది. మైదానం మైదానమంతా నలుపే. పక్క విభాగాల వాళ్లు కూడా వచ్చి నా కుర్చీ చుట్టూ మూగారు. ఎవరో టీ తెప్పించారు. ఢిల్లీ అధికారి ఫోన్ చేస్తే ఆగలేక, "చాలా భారీగా ఉందండీ" అని నోటిమాటగా చెప్పేశాను.

స్రవంతి ఒక్కతే టీ ముట్టలేదు. మా జూనియర్ సైంటిస్టు, భువనగిరి వైపు రైతుల బిడ్డ. "సార్, జర ఇటు సూడున్రి. వరదైతే అడ్డదిడ్డంగ పారుతది. ఈ నీళ్లు ఒరాల నడుమ మడి మడిగ నిలవడ్డయి. నాట్లేసినట్టున్నది" అంది, నలుపు మధ్య సన్నగా కనిపించే పొలం గట్లను చూపిస్తూ.

చైనావాళ్ల నాట్ల సంగతి చూసే తీరిక లేదమ్మా అని కసురుకున్నాను. ఆమె వాదించలేదు. అదే వారం తీసిన హైదరాబాద్ తూర్పు వైపు చిత్రం తెరిచి, దాని మీద అదే లెక్క నడిపింది. నాగోల్ దాటాక మూసీ వెంబడి ఘట్‌కేసర్ దాకా పొలాలన్నీ నల్లబడ్డాయి.

"అయితే మన ఘట్‌కేసర్ గూడ మునిగినట్టేనా సార్?"

కళ్లతో చూస్తే గానీ నమ్మబుద్ధి కాలేదు. ఇద్దరం ఆఫీసు జీపులో బయల్దేరాం. ఉప్పల్ చౌరస్తాలో ఆగిన ప్రతి నిమిషానికీ డ్రైవర్‌ని తిట్టాను. ఘట్‌కేసర్ ఇవతల పొలంలో ఆడవాళ్లు పిక్కల లోతు నీళ్లలో వంగి నారు నాటుతున్నారు. వరద ఏమైనా వచ్చిందా అని అడిగాను. ఒక పెద్దావిడ నా బూట్ల వంక చూసి, "వరదేంది సారూ? నీళ్లు వెట్టకుంటె నాట్లెట్ల వడతయ్?" అంది. తక్కినవాళ్లు నవ్వారు. స్రవంతి మర్యాదకు అటు తిరిగింది.

తప్పు తెలిసిపోయింది. మేము పోల్చాల్సింది నెల కిందటి దుక్కితో కాదు, గత సంవత్సరాల్లో ఇదే వారంతో. ఏటా ఈ వారంలో నల్లబడే చోటు వరద కాదు, నాటు. దక్షిణ చైనాలో జూలైలోనే ఒక పంట కోసి రెండోది నాటుతారు. ఒంటిగంటన్నరకు వెనక్కి వచ్చి పాత చిత్రాలన్నీ దించి, అన్నం మాట మరిచి పనిచేశాం. నాలుగింటికి పది నిమిషాలుందనగా కొత్త పటం వచ్చింది. నలుపు చాలావరకు ఎగిరిపోయింది. మిగిలింది ఒక నది మలుపు. అక్కడ గట్లు కనబడలేదు, ఊళ్లూ కనబడలేదు. అది అసలైన వరద. ఆ జనానికి గండమే గానీ దేశానికి తిండి కరువు రాదని రాసి సంతకం పెట్టాను.

పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటూ ఫోన్ చేస్తే, అవతల అధికారి "ఇంతేనా?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. కొత్త పటం చూడగానే నాకూ మొదట తోచింది ఆ మాటే.

ఎదుటివాడు మునగాలని మనసులో ఉంటే, నిలిచిన నీళ్లన్నీ వరదలాగే కనబడతాయి. ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా, పరాయి దేశపు వరద పటం ఏది గీసినా పక్కన అదే లెక్కతో గీసిన ఘట్‌కేసర్ ముక్క ఒకటి జతచేయించాను. కొత్తగా చేరినవాళ్లు ఇదెందుకని అడిగితే, ముందు మనం మునిగామో లేదో చూసుకోవడానికి అని చెప్పేవాణ్ణి.