పెంటిగా అని పిలిచేవాళ్ళు

మా చిన్నప్పుడు... పొద్దు గూకితే చాలు, మా అమ్మ వాకిట్లో నిలబడి వాడంతా వినపడేలా కేకేసేది.

"ఓ పెంటిగా! యాడున్నవ్‌ర? జల్ది రా, బువ్వ సల్లగైతాంది!"

"వస్తున్న అక్కా!" అని అరిచి ఉరికేవాణ్ణి.

ఔను... కన్నతల్లినే అక్కా అని పిలిచేవాణ్ణి. అమ్మా అనడం మా ఇంట్లో నిషేధం.

శామీర్‌పేట దగ్గర మా ఊరు. నాకు ముందు ఇద్దరు అన్నలు పుట్టి పోయారు. పెద్దవాడికి మా తాత పేరు పెట్టారు, రామచంద్రం. ఏడాదిన్నర బతికాడు. రెండోవాడికి దేవుడి పేరు, వెంకటేశం. మూడు నెలలే. మంచి పేరు పెట్టి ముద్దుగా పిలుస్తుంటే అది మృత్యువు చెవిన పడుతోందని పెద్దవాళ్ళు తేల్చారు.

అందుకని నేను పుట్టగానే చాటలో వేసి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటి సాయమ్మ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, నన్నెత్తుకుని మా గడపలో నిలబడిందట.

"గీ పోరడు పెంట మీద దొరికిండు. తీస్కుంటరా?"

"ఇయ్యి తియ్యి... బువ్వ దండుగ!" అని మా అమ్మ చాటెడు తవుడు పోసి నన్ను కొనుక్కుంది. పచ్చి బాలింత... ఆ మాట ఎవరికి వినపడాలని అంత గట్టిగా అన్నదో పెద్దయ్యాక గానీ నాకర్థం కాలేదు.

అలా నేను పెంటయ్యనయ్యాను. బడిలో హాజరు పిలిస్తే క్లాసంతా ముక్కు మూసుకునేది. ఏడేళ్ళప్పుడు ఒకరోజు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. ఉక్రోషంలో కావాలనే పిలిచాను... "అమ్మా!"

ఆమె నా వైపు చూడలేదు. తలుపు వైపు చూసింది.

పెనం మీద రొట్టె మాడిపోతోంది. పిండి చేత్తోనే వచ్చి నా నోరు మూసింది. "అనకు బిడ్డా... ఇంటరు."

"ఎవరింటరు?"

మళ్ళీ తలుపు వైపే చూసి, మాడిన రొట్టె తిప్పింది.

నాలుగో రోజుకి నాకు ఒళ్ళంతా తట్టు లేచింది. కాకతాళీయమే... ఇప్పుడంటే తెలుసు. అప్పుడు మాత్రం నా నోటివల్లే వచ్చిందనుకున్నాను. అమ్మ నా మంచం పక్కనే కూర్చుని, తలుపు వైపు తిరిగి రోజంతా తిట్టేది. "గీ పెంటోడు మా కొంపకెందుకొచ్చిండో! మాకేం గాడు వీడు!" తిడుతూనే నా పాదాలు నిమిరేది.

బతికాను. కానీ అప్పట్నుంచి తలుపు చాటున మా అన్నలిద్దరూ నిలబడి వింటున్నారనిపించేది. పెద్దవాడు ఏడాదిన్నర పిల్లాడే, నాకన్నా చిన్నవాడే... అయినా ఇంట్లో అడుగు పెట్టగానే తలుపు వెనక చూసుకునేవాణ్ణి.

కొన్నేళ్ళ కింద అమ్మ ఆస్పత్రిలో ఉంది. చివరి రోజని తెలిసిపోయింది. తల నెరిసినవాణ్ణి, ఇంకేం భయమని చెవి దగ్గర వంగి "అమ్మా" అన్నాను. కళ్ళు తెరిచింది. మెల్లగా తలుపు వైపు తిప్పింది. మళ్ళీ నన్ను చూడలేదు. పిలిచినందుకు ఇప్పటికీ కుమిలిపోతున్నాను. పిలవకపోయినా కుమిలిపోయేవాణ్ణే.

ఈమధ్య నాకు మనవడు పుట్టాడు. మచ్చ బొల్లారంలో మా అబ్బాయి ఇంట్లో పేరు కోసం నెల రోజులు చర్చలు. మా కోడలు గోదావరి వైపు అమ్మాయి. "మామయ్యగారూ, ఇప్పుడు పాత పేర్లే ఫ్యాషనండి" అంది. ఫోన్లో పెద్ద జాబితా కూడా చూపించింది. అందులో పెంటయ్య లేడు లెండి, వెతికాను.

"పాత భూమి కాగితాల్లో మీ తాతగారి పేరు చూశానండి. రామచంద్రం... ఎంత బాగుందో!"

"మస్తుంది డాడీ" అన్నాడు మావాడు.

ఆ పేరు ఇంతకుముందు ఒకసారి ఒక పిల్లాడికి పెట్టారని వాళ్ళకు తెలీదు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మూడో రోజు కోడలికి అంతా చెప్పేశాను. "వద్దమ్మా... ఆ పేరు వద్దు."

ఆ అమ్మాయి బాబును ఒళ్ళోకి తీసుకుని జోకొట్టింది. తర్వాత అడిగింది, "మీ అన్నయ్య పోయాక ఆ పేరు ఎవరైనా పైకి అన్నారా అండి?"

"లేదు."

"ఇన్నేళ్ళుగా ఆ బాబును ఎవ్వరూ పిలవనే లేదు కదండీ... మనమన్నా పిలుద్దాం మామయ్యగారూ."

పాత పేర్లు పెట్టొచ్చా, కూడదా అంటే నా దగ్గర ఇంతకన్నా మంచి మాట లేదు. నేనూ ఒప్పుకున్నాను.

తొట్టెల రోజున అందరూ ఒక్కొక్కరే బాబు చెవిలో పేరు చెప్పారు. నా వంతొచ్చింది. "రామచంద్రం..." మూడుసార్లు, గట్టిగానే అన్నాను. అనగానే నా కళ్ళు వాటంతటవే తలుపు వైపు పోయాయి. చుట్టాల చెప్పులు తప్ప అక్కడ ఎవరూ లేరు.

అయినా మనసాగలేదు. మళ్ళీ వంగి, ఎవరికీ వినపడకుండా ఆ చిన్ని చెవిలో అన్నాను... "పెంటిగా."

మీ ఇళ్ళలోనూ ఇలాంటి మొరటు పేర్లు ఉండే ఉంటాయి. మీది కింద రాయండి, సిగ్గుపడకండి. ఆ పేరుతో పిలిచే మనిషి ఇంకా ఉంటే, ఇవాళ ఒక్కసారి గట్టిగా పిలిపించుకోండి.

నాకు ఆధార్ కార్డు మీద తప్ప ఆ పేరు ఇంకెక్కడా లేదు. బువ్వ చల్లారిపోతోందని కేకేసేవాళ్ళు ఎవరూ లేరు.