అల్లం కొమ్ములో పట్నం దారి

ఉద్యోగం దొరకడం కష్టమైపోయిందని ఇప్పటి పిల్లలు వాపోతుంటే వింటూ ఊరుకుంటాను. మా కాలంలో ఉద్యోగం దొరికాకే అసలు కష్టం మొదలయ్యేది. డెబ్బైల చివరి మాట. అప్పుడు జహీరాబాద్ నుంచి ఒక కుర్రాడు పట్నానికి (మాకు పట్నమంటే హైదరాబాదే, ఇంకో పట్నం ఉందని ఎవరైనా చెప్పినా నమ్మేవాళ్ళం కాదు) కొలువుకు పోతున్నాడంటే, పోయేది వాడొక్కడే అయినా ప్రయాణం మాత్రం ఇంటిల్లిపాదీ చేసేవారు. అదీ పెరట్లో కూర్చుని, ఆరబోసిన అల్లం పక్కన, చాయ్ తాగుతూ చేసేవారు. ఏ బండి ఎక్కాలి, ఎటువైపు దిగాలి, రోడ్డు ఎక్కడ దాటాలి అన్నవన్నీ అక్కడే తేలిపోయేవి. పోవలసినవాడిని అడిగేవారు కాదు. అడిగితే వాడికేం తెలుసు?

ఆ కుర్రాడిని నేనే. డిగ్రీ చేతికొచ్చిన కొన్నాళ్ళకు ఒక దినపత్రిక నుంచి ఉపసంపాదకుడిగా శిక్షణకు రమ్మని పిలుపు వచ్చింది. మా చిన్నమ్మ వాళ్ళు లింగంపల్లిలో ఉండేవారు. అప్పటి లింగంపల్లి అంటే చుట్టూ బండరాళ్ళు, మధ్యలో ఒక స్టేషన్. అక్కడి నుంచి నాంపల్లికి రైలు, నాంపల్లి నుంచి పత్రికాఫీసుకు ఆబిడ్స్ మీదుగా చాలా దూరం. బస్సులున్నాయి. కానీ పట్నం బస్సులకు మనుషులు గబ్బిలాల్లా వేలాడుతారని అమ్మకు ఎవరో చెప్పారు. ఆ మాటతో బస్సు సంగతి ముగిసింది. ఇక మిగిలింది సైకిల్. సైకిల్ అనగానే అమ్మ ముఖం మారిపోయింది.

దానికి కారణం మా మేనమామ కాలు. అమ్మకు ఆయన ఒక్కగానొక్క అన్న. నా చిన్నతనంలో చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద, సైకిల్‌తో మలుపు తిరుగుతుండగా చెరుకు లారీ ఒకటి ఆయన్ని ఒరుసుకుంటూ పోయింది. ప్రాణం దక్కింది, ఎడమకాలు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ కుడికాలి మాట వినలేదు. ఆయన దవాఖానలో ఉన్నన్నాళ్ళూ అమ్మ అక్కడే నేల మీద పడుకుంది. అందుకని నా ఉద్యోగం గురించి ఆమె ఒక్కటే మాట చెప్పింది. నేను సైకిల్ మీద, రైల్లో కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకోకుండా పోయి రాగలనని ఆమెకు నమ్మకం కుదరాలి. కుదిరితే పట్నం, లేకపోతే నాన్నతో పాటు అల్లం చేను. (ఇలాంటి విషయాల్లో నాన్నకు సొంత అభిప్రాయం ఉండేది కాదు. ఉన్నా దాన్ని చేనుకే చెప్పుకునేవారు.)

ఆ నమ్మకం కుదిర్చే బాధ్యత ఎవరు తీసుకున్నారనుకున్నారు? మామే. ఆయన పెళ్ళికి ముందు పట్నంలో ఒక బట్టల దుకాణంలో కొన్నాళ్ళు పనిచేశారు. ఆ కొన్నాళ్ళతోనే ఆయనకు పట్నం మీద జీవితకాలపు హక్కు వచ్చేసింది. ఒక సాయంత్రం కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఆరబోసిన అల్లంలో బాగా చీలికలున్న కొమ్ము ఒకటి ఏరి, అమ్మ ముందు కూర్చుని, పట్నం అచ్చం ఇలాగే ఉంటుందన్నారు. ఈ లావు ముక్క నాంపల్లి. దీని నుంచి చీలిన పిలకలన్నీ రోడ్లు. ఈ మూల ఆబిడ్స్, ఈ కణుపు దగ్గర నాలుగు రోడ్లూ కలిసే చౌరస్తా, ఈ ఎండిపోయిన కొస పత్రికాఫీసు. అమ్మ ఆ కొమ్మును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిన్ని పిలకలుంటే ఎటు పోవాల్నో వానికెట్ల తెలుస్తదే అన్నా?"

"తెల్వకపోతే దిగుతడు చెల్లె. గంతే. సైకిల్ మీదున్నోడికి తొందరుంటది, దిగినోడికి ఉండదు. గా దినం మలుపుకాడ నేను దిగకపోతి."

ఆ చివరి మాట చాలా మామూలుగా అన్నారు. అమ్మ మాత్రం తల పక్కకు తిప్పుకుంది. నేను నేర్చుకున్న మొదటి రహదారి సూత్రం అదే: మలుపు వస్తే దిగు, చౌరస్తా వస్తే దిగు, తోచకపోతే దిగు. (ఆ రాత్రి చాయ్‌లోకి అల్లం లేదని అమ్మ ఆ కొమ్మునే చిదిమేసింది. నాంపల్లి, ఆబిడ్స్, మా ఆఫీసుతో సహా పట్నమంతా గ్లాసుల్లోకి పోయింది. మామ ఒక గుక్క తాగి, పట్నం ఘాటుగానే ఉందన్నారు.)

మరుసటి అంగడి రోజు నుంచి నాకు తర్ఫీదు, మామ మాటల్లో తాలీం, మొదలైంది. పట్నం అంటే రోజూ అంగడే కాబట్టి అంగడి రోజే నేర్చుకోవాలని మామ లెక్క. ఆయన సైకిలే నాకిచ్చారు. కాలు పోయిన తర్వాత ఆయన దాన్ని తొక్కలేదు గానీ, వారం వారం నూనె పెట్టి, గుడ్డతో తుడిచి పెళ్ళికొడుకులా ఉంచేవారు. బొంబాయి రోడ్డు మీద లారీలు, వాటి మధ్య ఎడ్లబండ్లు, అల్లం బస్తాలు, బీదర్ వైపు నుంచి వచ్చి కన్నడంలో బేరమాడే వాళ్ళు, ఇంత సందట్లో నేను. ప్రతి మలుపు దగ్గరా దిగి, ఇటు చూసి, అటు చూసి, సైకిల్‌ను తోసుకుంటూ దాటేవాడిని. మామ హోటల్ బల్ల మీద కూర్చుని కర్రతో సైగలు చేసేవారు. నాతో చదివినవాడొకడు అది చూసి నడిరోడ్డు మీద నిలబడి, "ఏందిరో, సైకిల్‌ను మేతకు తోలుకపోతున్నవా?" అని అడిగాడు. ఆ మాట ఊరంతా పాకింది. ఆ తర్వాత నేను ఎటు పోయినా, బర్రె ఎన్ని పాలిస్తోందని అడగనివాడు లేడు.

సైకిల్ సంగతి అయింది, ఇక రైలు. పట్నంలో స్టాండుల్లో సైకిళ్ళు మాయమవుతాయని మామ గట్టి నమ్మకం. ఆయన పద్ధతి ప్రకారం సైకిల్ కూడా నాతో పాటే రోజూ రైలెక్కాలి. బండి చివర గార్డు ఉండే డబ్బాలో వేసి రసీదు తీసుకుంటే, దిగిన చోట మళ్ళీ మన చేతికిస్తారు. దీనికీ ఒక తాలీం పెట్టారు. పొద్దున జహీరాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కి, సైకిల్‌ను గార్డు డబ్బాలో వేసి, కోహీర్‌లో దిగి, సైకిల్ దించుకుని, రోడ్డు మీదుగా తొక్కుకుంటూ మధ్యాహ్నం అన్నం వేళకు ఇల్లు చేరాలి. నిజంగా పోయినట్టు గుర్తుగా కోహీర్ జామకాయలు తేవాలి. చలికాలం, జామకాయల రోజులు. ఇది నెగ్గితే పట్నం పోవచ్చని అమ్మ ఒప్పుకుంది. లోలోపల నెగ్గకూడదని మొక్కుకుందేమో, ఆమెనెప్పుడూ అడగలేదు.

ఆ పొద్దున ముగ్గురం స్టేషన్‌కు పోయాం. రసీదు మామే తీసుకుని నా జేబులో పెట్టారు. హమాలీలు అల్లం బస్తాలు ఎక్కించే హడావిడిలో ఉంటే, సైకిల్‌ను దగ్గరుండి గార్డు డబ్బాలో పెట్టించారు. అంతటితో ఊరుకుంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. దారిలో ఎవరైనా దించుకుపోతే ఎలాగని అమ్మకు అనుమానం వచ్చింది. మామకు అప్పటికే వచ్చి ఉంది. ఆయన సంచిలోంచి ఇనుప గొలుసు తీసి, సైకిల్‌ను డబ్బా లోపలి కడ్డీకి కట్టి, బావిమోటరు గదికి వేసే పెద్ద తాళం వేశారు. గట్టిగా గుంజి చూసి తృప్తి పడ్డారు. నేను తాళంచెవి కోసం చేయి చాపాను. అమ్మ నా చేయి పక్కకు తోసేసింది. "వానికియ్యకే అన్నా, పారేసుకుంటడు. నీ దగ్గరనే ఉండనియ్యి."

ఇంటి తాళాలు, పెట్టె తాళాలు, మోటరు గది తాళం అన్నింటి చెవులూ మామ మొలతాడుకే ఉంటాయి. ఇదీ అక్కడికే చేరింది. మా ఇంట్లో విలువైనది ఏదైనా భద్రంగా ఉండాలంటే మామ మొలతాడును మించిన చోటు లేదు. నాకూ అది సహజంగానే అనిపించింది. ఈల వేసింది, బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద అన్నాచెల్లెళ్ళు చేతులూపారు, నేనూ ఊపాను. ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

కోహీర్‌లో బండి ఆగగానే దిగి వెనక్కి పరుగెత్తాను. గార్డు నడివయసు మనిషి, తీరిగ్గా మాట్లాడే రకం. రసీదు చూశాడు, సైకిల్ చూశాడు, గొలుసు చూశాడు. "చాబీ ఏది బాబూ?" అన్నాడు. మా మామ దగ్గరుందన్నాను. మామ ఏ డబ్బాలో ఉన్నాడని అడిగాడు. ఇంట్లో ఉన్నాడన్నాను. ఆయన రసీదును మళ్ళీ ఒకసారి తిప్పి చూశాడు. (డ్యూటీలో ఎన్నో చూసి ఉంటాడు, ఇది మాత్రం కొత్త.) ఇద్దరం కలిసి గుంజాం. మోటరు గది తాళం గదా, దొంగలకే లొంగలేదు, మాకు లొంగుతుందా? ఇంజను కూత వేసింది. ఆయన నన్ను దిగమని, పచ్చజెండా విప్పి, నెమ్మదిగా చెప్పాడు. "జర ఫికర్ చెయ్యకు. పొద్దుగూకేయాల్లకు గిదే డబ్బాల వాపస్ వస్తది. నువ్వు ఈడనే ఉండు."

బండి కదిలింది. తలుపులోంచి మామ సైకిల్ హ్యాండిల్ నా వైపే చూస్తూ పోయింది. ఆ వయసు కుర్రాడు ఎవడైనా పరుగెత్తి కడ్డీ పట్టుకుని ఎగిరి ఎక్కేవాడే. నేను ఎక్కలేదు. నిలబడ్డాను. బండి మలుపు తిరిగి పొగ మాత్రం మిగిలేదాకా అలా నిలబడే ఉన్నాను. ఆ తర్వాత చేయవలసిన పని ఒక్కటే కనిపించింది. జామకాయలు కొన్నాను. స్టేషన్ బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే తింటూ, పట్నం రైలు ఎక్కకముందే నా ఉద్యోగం వికారాబాద్ వైపు వెళ్ళిపోయిందని దిగులు పడుతూ, మళ్ళీ ఇంకొకటి తింటూ పొద్దు గడిపాను.

ఇంటి దగ్గర జరిగింది తర్వాత తెలిసింది. మధ్యాహ్నం మామ అన్నానికి కూర్చుని ముందుకు వంగగానే పొట్టలో ఏదో గుచ్చుకుంది. చూస్తే తాళంచెవి. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయిందట. తర్వాత ఎవరూ ముద్ద ముట్టలేదు. ఇద్దరూ స్టేషన్‌కు పోయి, వచ్చిపోయే ప్రతివాడినీ కోహీర్‌లో ఏమన్నా అయిందా అని అడుగుతూ కూర్చున్నారు. అమ్మ భయం సైకిల్ గురించి కాదు. అన్న సైకిల్ పోతోందని నేను నడిచే బండి వెంట ఉరికి ఉంటానని.

పొద్దుగూకుతుండగా అదే బండి తిరిగొచ్చింది. నేను కోహీర్‌లో ఎక్కి, మిగిలిన జామకాయల సంచితో జహీరాబాద్‌లో దిగాను. అమ్మ నా ముఖం చూడలేదు. ముందు కాళ్ళు చూసింది, తర్వాత చేతులు, ఆ తర్వాతే ముఖం. మామ అందరి ముందూ చొక్కా పైకెత్తి, మొలతాడు చెవిని తాళం దాకా సాగదీయలేక, గార్డు డబ్బాలోకి తానే ఎక్కి, సైకిల్‌ను కౌగిలించుకున్నంత దగ్గరగా ఒంగి తాళం తీశారు. అది చూసి గార్డు నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వుతూనే అమ్మతో అన్నాడు, "మంచి పిలగాడు అమ్మా. బండి కదిలితే ఎనుకపడి ఉరకలే. నిలబడ్డడు."

మెచ్చుకోలు దొరికింది గదా అని ఊరుకోకుండా, నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నాకేం చెయ్యాల్నో తోచలేదే అమ్మా."

అమ్మ నా చేతిలోని సంచి అందుకుంది. "తోచనప్పుడు నిలబడ్డవు గద కొడుకా. నాకు గదే గావాలె. పో, పట్నం పో."

అలా, ఏమీ తోచకపోవడం అనే ఒక్క అర్హతతో నేను పత్రికా రంగంలో అడుగుపెట్టాను. ఆ రాత్రే పథకం మారింది. సైకిల్ రైలెక్కకూడదు. లింగంపల్లిలో నడక, అక్కడి నుంచి రైలు, సైకిల్ నాంపల్లి స్టాండులో ఉండాలి. తాళం అదే, చెవి మాత్రం ఇకపై నా మొలతాడుకు. అలాగే చాలా ఏళ్ళు తిరిగాను. పొద్దున స్టాండులో అందరూ జేబులు తడుముకుంటుంటే, నేను గోడ వైపు తిరిగి చొక్కా ఎత్తేవాడిని. ఆఫీసులో నా పేరు మర్చిపోయి నడుముచెవి అని పిలిచేవారు. ఆబిడ్స్ చౌరస్తాలో రోజూ దిగి తోసుకుంటూ దాటితే, ట్రాఫిక్ పోలీసు నా కోసం చేయి అడ్డం పెట్టి ఆపేదాకా వచ్చింది. తోటివాళ్ళు కొందరు దెబ్బలు తగిలించుకున్నారు, ఒకరిద్దరు మంచం పట్టారు. నాకు చిన్న గాటు కూడా పడలేదు. అది నా గొప్పతనం అనుకునే వయసులో అనుకున్నాను కూడా.

ఒకసారి మామ నా రాకపోకలు చూడటానికే వచ్చారు. నాంపల్లిలో దిగి, పట్నాన్ని చాలాసేపు చూసి, ఇది తన అల్లం కొమ్ములా లేదని ఒప్పుకున్నారు. స్టాండులో నేను గోడ వైపు తిరిగినప్పుడు, "గా చెవి ఇంకా గాడనే ఉన్నదా అల్లుడా?" అని మాత్రం అన్నారు. చౌరస్తాలో నేను దిగగానే ఆయన సైకిల్ వెనక సీటు మీద చేయి వేశారు. ఇద్దరం కలిసి, ఆయన కుంటుతూ, నేను తోస్తూ, నిదానంగా దాటాం. వెనక ఎన్ని హారన్లు మోగాయో. ఆయన ఒక్కదానికీ తల తిప్పలేదు. తన సైకిల్ పట్నం రోడ్డు దాటడం చూస్తున్నారు.

మామ ఇప్పుడు లేరు, అమ్మా లేదు. నాకు సైకిల్ తొక్కే ఓపిక పోయింది, ఉద్యోగమూ ముగిసింది. పొద్దున చాయ్‌కి అల్లం చిదమడం మాత్రం నా పని. ఒక్కోరోజు బాగా చీలికలున్న కొమ్ము చేతికొస్తుంది. లావు ముక్క నాంపల్లి, ఈ మూల ఆబిడ్స్, ఇదిగో ఈ కణుపు దగ్గర దిగాలి, అనుకుంటూ ఉండిపోతాను. పొయ్యి దగ్గర నీళ్ళు మరిగిపోతుంటాయి. "ఇగ చాలు గని, గా అల్లం ఇటియ్యుండ్రి" అంటుంది మా ఆవిడ. ఇస్తాను. కానీ వెంటనే కాదు. చౌరస్తా గదా, కాసేపు నిలబడి, ఇటు చూసి, అటు చూసి, అప్పుడిస్తాను.