రెండో బ్రేకున్న సీటు

డ్రైవింగ్ స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కన కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. మా స్కూల్లో ఆ రెండో బ్రేకు మా పెద్దమ్మది. పెదనాన్న పోయాక స్కూలును ఒంటిచేత్తో నిలబెట్టింది. ఊళ్ళో సగంమంది ఆవిడ తిట్లు తింటూనే బండి నేర్చుకున్నారు. నేను అదే స్కూలు ఆఫీసులో ఫోన్లెత్తి క్లాసులకు టైములిచ్చే పని చేస్తాను కాబట్టి ఈ కథంతా కళ్ళారా చూశాను.

జబ్బు ఆయాసంతో బయటపడింది. పడుకుంటే ఊపిరాడేది కాదు. కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ హార్ట్ ఫెయిల్యూర్ అంది. గుండె ఆగిపోవడం కాదు, రక్తాన్ని తోసే బలం తగ్గిందని బొమ్మ గీసి మరీ చెప్పింది. ఎవరు విన్నారు? మనవాళ్ళకు హార్ట్ ఫెయిలంటే మనిషి పోయినట్టే లెక్క. సాయంత్రానికల్లా దూరపు చెల్లెలొకావిడ వీధి మొదట్నుంచే శోకాలు పెడుతూ వచ్చింది. తలుపు తీసింది పెద్దమ్మే.

"ఏడుపు అయ్యాక లోపలికి రా చెల్లీ, కాఫీ పెట్టిస్తాను," అంది.

పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు దులిపి ఊరుకోవచ్చు. ప్రేమతో పీక నొక్కేవాణ్ణి ఏం చేస్తాం? మంచం దిగొద్దన్నాడు. మెట్లు ఎక్కొద్దన్నాడు. స్కూలు బాధ్యతంతా తన నెత్తిన వేసుకుని, పెద్దమ్మ కారుకు కొత్త మాస్టారును కూడా పెట్టేశాడు. "నీ సీటెక్కడికీ పోదమ్మా, ముందు నువ్వు కుదుటపడు," అన్నాడు, ఆ సీటులో ఆవిడ వేసుకునే దిండు తెచ్చి చేతిలో పెడుతూ.

పెద్దమ్మ ఆ దిండు వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. జబ్బు పేరు విన్నప్పుడు కూడా ఆవిడ ముఖం అంతగా వాడిపోలేదు.

డాక్టరమ్మ మాత్రలిచ్చింది. ఉప్పు తగ్గించమంది, నీళ్ళు కొలిచి తాగమంది, ఒంట్లో నీరు చేరితే తెలిసేలా రోజూ పొద్దున్నే బరువు చూసుకోమంది. రోజూ కాస్త నడవమని కూడా అంది. అన్నయ్యకు మొదటివన్నీ వినబడ్డాయి. నడవమన్నది మాత్రం వినబడలేదు.

"ఆవిడ నడవమంటే నువ్వు పడుకోమంటావేంట్రా? డాక్టరు నువ్వా, ఆవిడా?"

"వాళ్ళు అందరికీ అదే చెప్తారమ్మా. రోడ్డు మీద నీకేమన్నా అయితే ఆవిడొస్తుందా?"

అన్నయ్య స్కూలుకు బయల్దేరగానే వదిన చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టేది. అత్తా కోడళ్ళిద్దరూ వీధి చివర మందుల షాపు దాకా వెళ్ళి వచ్చేవారు. దొంగతనమేమీ కాదు, డాక్టరు చెప్పిన వైద్యం. అయినా దొంగల్లా చెయ్యాల్సి వచ్చేది.

ఒకరోజు కొత్త మాస్టారు పెద్దమ్మ కారులో ఎదురొచ్చి, నవ్వుతూ చెయ్యి ఊపాడు. పాపం, మర్యాదకే ఊపాడు. పెద్దమ్మకు ఎక్కడో కాలింది. వదిన వద్దంటున్నా వినకుండా, ఆగకుండా స్కూలు దాకా నడిచేసింది. మేడ మెట్లెక్కి నా బల్ల ముందు కూలబడింది. నోట మాట రాలేదు. పెదాలు నీలంగా మారాయి. అన్నయ్యా నేనూ ఆవిణ్ణి తీసుకుని మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాం.

"పంతం పట్టండి, నేను కాదనను," అంది డాక్టరమ్మ. "కానీ గుండెతోనే పందెం కాస్తే ఓడిపోయేది మీరే. మాట్లాడుతూ నడవగలిగినంతే నడవండి. మాట ఆగితే కాళ్ళూ ఆగాలి."

ఇంటికి రాగానే అన్నయ్య చెప్పులు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఊరందరికీ బండి నేర్పిన మనిషి చెప్పులకు తాళం! నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మ కాళ్ళవాపు తగ్గేదాకా ఊరుకుంది. డాక్టరమ్మ సరేనన్న పొద్దున కోడలి చెప్పులు తొడుక్కుని, "వాడు తాళం వేసింది చెప్పులకే, కాళ్ళకు కాదుగా," అంటూ బయల్దేరింది.

అప్పట్నుంచి పంతం నిదానించింది. మాట్లాడుతూ నడవమన్నారు కదా అని పెద్దమ్మ దారి పొడుగునా తిడుతూ నడిచేది. అడ్డదిడ్డంగా ఆపిన బళ్ళను, చెయ్యి చూపకుండా మలుపు తిరిగేవాళ్ళను, ఎవర్నీ వదిలేది కాదు. తిట్టు మధ్యలో ఆయాసమొస్తే ఆగిపోయేది. తిట్టు మొత్తం సాఫీగా వచ్చేదాకా దూరం పెంచేది కాదు. నెలలు గడిచేకొద్దీ తిట్లు పొడుగయ్యాయి, నడక వంతెన అవతలి దాకా సాగింది. చప్పిడి కూర ముందు పెట్టుకుని, "ఉప్పూ కారం తినేవాళ్ళకే రోషముంటుందంటారు. ఉప్పు మానేసిన నాకెంతుందో చూడండి," అనేది.

ఏడాది తిరక్కుండానే స్కానింగులో గుండె బలం పెరిగిందని తేలింది. పూర్తిగా మామూలు కాలేదు, మామూలుకు దగ్గరగా వచ్చింది. పనిలోకి వెళ్ళొచ్చు, మాత్రలు మాత్రం ఆపడానికి వీల్లేదంది డాక్టరమ్మ. అప్పుడు అన్నయ్య రెండు మాటలన్నాడు. బాగయింది కదా, ఇంకా ఇన్ని మాత్రలెందుకని ఒకటి. పూర్తిగా బాగవలేదు కదా, అప్పుడే పనెందుకని రెండోది. రెండూ ఒకే నోటితో!

"మాత్రలూ మానను, సీటూ వదలను. కారు తాళాలిటివ్వు," అంది పెద్దమ్మ.

"అయితే నేను వెనక సీట్లో కూర్చుంటాను. అలాగైతేనే."

"కూర్చో. నేర్చుకునేది నీ పెళ్ళామే."

అన్నయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెళ్ళైన దగ్గర్నుంచి వదిన బండి నేర్పమంటూనే ఉంది, "నేనున్నానుగా, నీకెందుకు" అని అతను అంటూనే ఉన్నాడు. డ్రైవింగ్ స్కూలువాళ్ళ కోడలికి స్టీరింగు పట్టుకోవడం రాదు. అదీ ప్రేమేనట.

కొన్నాళ్ళు ఖాళీ మైదానంలో తిప్పాక, ఒక ఆదివారం పెద్దమ్మ బండిని వంతెన మీదికి ఎక్కించమంది. నేనూ వెనకాల అన్నయ్య పక్కన ఉన్నాను. ఎత్తు మధ్యలో ఎర్రలైటు పడింది. పచ్చలైటు వచ్చేసరికి వదిన కంగారులో క్లచ్ వదిలేసింది, ఇంజను ఆగిపోయింది. బండి రవ్వంత వెనక్కి జారింది. వెనక లారీ హారన్ మోగింది.

"బ్రేకమ్మా! నీ బ్రేకు తొక్కు!" అన్నయ్య అరిచాడు.

పెద్దమ్మ కాలు ఆ రెండో బ్రేకు మీదే సిద్ధంగా ఉంది, నేను చూశాను. తొక్కలేదు.

"నీ బ్రేకు నువ్వే తొక్కమ్మాయ్. ఆఁ, అదీ. హ్యాండ్‌బ్రేకు లాగు. ఇప్పుడు స్టార్ట్ చెయ్. లారీవాడి సంగతి నీకెందుకు, వాడి హారన్ వాడిష్టం."

బండి ఒకసారి వణికి, పైకి కదిలింది. వంతెన దిగాక పెద్దమ్మ పక్కకు ఆపించి, వెనక్కి తిరిగింది. గొంతులో ఆయాసం లేదు.

"దిగరా," అంది.

"ఇక్కడా? ఇక్కణ్ణుంచి ఇల్లెంత దూరమో తెలుసా అమ్మా?"

"తెలుసు. రోజూ నడుస్తున్నాను."

అన్నయ్య నా వంక చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అతను దిగి తలుపు మూశాక, వదిన అద్దంలో వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, బండి తీసింది.