నాన్న పక్కన చిన్న మిరపకాయ

మా చెల్లెలికి ఐదేళ్లు నిండినా, దానికి వచ్చిన మాటలన్నీ మూటగడితే అమ్మ కొంగు చివర పట్టేవి. కుక్క "అది". కుంకుడుకాయ "అది". మేనమామ కూడా "అది". నేనలా కాదు. పుట్టగానే మంత్రసానిని కుశలమడిగానని ఎవరూ అనలేదు గానీ, అడిగే ఉంటాను. తొమ్మిదేళ్లకే నేను పద్యం ఎత్తుకుంటే ఎక్కడో పొదిలిలో ఎద్దులు తలెత్తి చూసేవి. ఇంత నోరున్న కొడుకుని పెట్టుకుని, మా నాన్న దాన్ని చూసి మురిసేవాడు.

దాని కళ్లు అలాంటివి. ఏ సాలు చూసినా ఒకేలా ఉండే నల్లరేగడి చేలో, అమ్మ పారేసుకున్న కొడవలి దగ్గరకి నేరుగా నడిచిపోయి నిలబడేది. ఊడిపోయిన తలుపు గడియతో నాన్న పూటంతా కుస్తీపడితే, అది వచ్చి ఒక్క చూపు చూసి ముక్కలు కలిపేసేది. పలక మీద 'అ' రాయమంటే మాత్రం దాన్ని పక్కకి తిప్పి, తలకిందులు చేసి, చివరికి మా గేదె బొమ్మగా ముగించేది. అమ్మ నెత్తి కొట్టుకునేది. నేను లోలోపల పండగ చేసుకునేవాణ్ణి.

ఆ ఏడు పత్తి ఆఖరి ఏరుడయ్యాక, చిలకలూరిపేట మిల్లుకి పోయే బండిలో తన పక్కన కూర్చోబెట్టుకుంటానని నాన్న నాకు మాటిచ్చాడు. ఆ చోటు జానెడే. నాకు మాత్రం సింహాసనం. వెళ్లకముందే మిల్లు ఎలా ఉంటుందో బడిలో వారంపాటు వర్ణించి పెట్టాను.

బయల్దేరే పొద్దున, పత్తి కూరిన గోనె బోరేలు, ఒక్కోటి ఏనుగు పిల్లంత, బండిలో నిండాయి. నేను ముందరే ఎక్కి కూర్చున్నాను. ఒక బోరెం మిగిలిపోయింది.

"వెనక వేసెయ్ నాన్నా," అన్నాను.

"వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దులకి ఉరి పడుద్దిరా. ముందరే పెట్టాలి. నువ్వు దిగు."

దిగలేదు. మాట తప్పిన రాజులు ఏ ఏ నరకాల్లో వేగారో ఏకరువు పెట్టాను.

"ఒరేయ్, నీ నోటికే ఇంకో బండి కట్టాలి. దిగరా!"

అప్పుడు చెల్లెలు వచ్చి నాన్న పంచె లాగింది. "అది," అంటూ వంటింటి గడప వైపు చూపించింది. అమ్మ కూరకని ఉంచిన వంకాయలు పీట మీద పేర్చి ఉన్నాయి. అడుగు వరస నిలువుగా కాకుండా అడ్డంగా ఉంది. పై వరస ఆ సందుల్లోకి దిగింది. మిగిలిపోవలసిన వంకాయ నడిమధ్యన పెళ్లికొడుకులా కూర్చుంది. ముందర రవ్వంత ఖాళీ. అందులో పొడుగాటి పచ్చిమిరపకాయ, దాని పక్కన ఒక బుల్లి మిరపకాయ.

నాన్న ఒకసారి వంకాయల్నీ ఒకసారి బండినీ చూశాడు. తర్వాత పాలేరుని కేకేశాడు. "అన్నీ దించవయ్యా, మళ్లీ ఎత్తుదాం!"

వంకాయల వరసలోనే బోరేలు పేర్చారు. అన్నీ పట్టాయి. కాడి సమంగా నిలిచింది. ముందర చోటు మిగిలింది. నేను ఆనందం పట్టలేక, పుట్టాక మొదటిసారి, చెల్లెలి బుగ్గ ముద్దుగా గిల్లి బండి చక్రం మీద కాలు వేశాను.

"నువ్వెక్కడికిరా?"

"బుల్లి మిరపకాయ నేనే కదా నాన్నా!"

"దాన్నడుగు."

చెల్లెలు ఆ బుల్లి మిరపకాయ తీసి తన బొజ్జకి ఆనించుకుంది.

"దానికి అక్కడ చూసింది చెప్పడం కూడా రాదు! దాన్ని తీసుకెళ్లి ఏం లాభం?"

"నువ్వు చూడకుండానే వారం నుంచి చెబుతున్నావుగా," అని నాన్న దాన్ని ఎక్కించుకున్నాడు.

బండి మలుపు తిరిగేదాకా నేను కార్చిన కన్నీళ్లకి గుంటూరు దాకా కళ్లాల్లో మిరపకాయలు తడిసి బూజు పట్టి ఉండాలి. ఆ మధ్యాహ్నం వంకాయ కూర ముట్టలేదు.

మర్నాడు వాళ్లు తిరిగొచ్చారు. ఏమీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు బండి ఆగేదాకా నిలిచింది.

"మిల్లెలా ఉందే?"

"పెద్దది."

"పెద్దదంటే?"

అది నన్ను దొడ్లోకి లాక్కెళ్లి, అమ్మ ఎండబెట్టిన పిడకలు ఒక్కోటీ తెచ్చి పేర్చింది. గేటు, గేటు పక్కన కాటా, వరసగా ఆగిన బండ్లు, పొగగొట్టం, దాని నీడ పడేవైపు ఎద్దుల నీళ్లతొట్టి. ఎప్పటికైనా తప్పు పట్టాలని నేను ఒక్కో పిడక చోటూ కంఠస్థం చేసుకున్నాను.

మరుసటి ఏడు నాన్న నన్ను తీసుకెళ్లాడు. సింహాసనం మీద కూర్చున్నానన్న సంతోషం కూడా లేదు. మిల్లు దగ్గర దిగీదిగగానే పిడకల్లో తప్పు వెతికాను. కాటా అక్కడే ఉంది. తొట్టి అక్కడే ఉంది. నీడ సహా అక్కడే ఉంది. చివరికి దొరికింది. గోడ! మా చెల్లెలు పెట్టని గోడ! గోలీసోడా కూడా తాగకుండా ఆ గోడని గుండెల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

"గోడ మర్చిపోయావే!" అని ఊరంతా వినపడేలా అరిచాను.

అది దొడ్లోకి వెళ్లి పిడకల మిల్లు మళ్లీ మొత్తం పేర్చి, ఒక పిడక నా చేతికిచ్చింది.

"పెట్టు," అంది.

ఆ గోడ ఏ పక్కన ఉందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.