కనుక్కొని చెప్తనన్న అక్క

పోయిన మంగళవారం పొద్దున చిట్యాల నుంచి ఒకామె ఫోన్ చేసింది. "మా ఇంట్ల కిరాయికుండే అక్క లేదమ్మా. నిద్రలనే పానం పోయింది. ఆమె ఫోన్ల అన్నిటికంటె పైన నీ పేరే ఉన్నది, అందుకే నీకు చేసిన" అంది. పైన నా పేరు ఉండటం తలుచుకుంటే సిగ్గేసింది. ఎప్పుడూ ఆమే చేసేది. నేను "మళ్లీ చేస్తా అక్కా" అని పెట్టేసేదాన్ని. అలా పెట్టేసి నాలుగు నెలలైంది.

ఆమె నాకు చుట్టం కాదు. చిట్యాలలో రోడ్డు పక్కన ఉన్న ఒక పశువుల దాణా కంపెనీ ఆఫీసులో ఆరేళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని రైతుల ఫోన్లు ఎత్తాం. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను చేరేనాటికే ఆమె అక్కడ పాతమనిషి. ఫోన్ చేసే వాళ్లందరికీ ఆమె అక్కే. బర్రెలు, గొర్లు పెంచే మీలో కొందరు ఆమెతో మాట్లాడే ఉంటారు. ముఖం మాత్రం చూసి ఉండరు. ఆమె పోయిందని మీకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెది తిరుమలగిరి దగ్గర గొర్లు కాసే ఇల్లు. పెళ్లైన మూడేళ్లకే భర్త పోయాడు, పిల్లలు లేరు. చిట్యాలలో మేడ మీద ఒక్క గది తీసుకుని ఉండేది. రైతు ఏం అడిగినా ముందు "నెమరేస్తాందా?" అని అడిగేది. ఎవరి పశువైనా చచ్చిపోయిందని చెబితే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేది. "వాళ్లకు కనపడదు కదక్కా" అన్నానొకసారి. "నాకు కనవడ్తది గదనే" అంది.

ఒక ఎండాకాలం మా కంపెనీ, అన్నేళ్లూ పోటీపడిన కంపెనీతో పొత్తు పెట్టుకుంది. దాణా వాళ్లు తయారు చేస్తారు, మా సంచుల్లో మేం అమ్ముతాం. మేనేజర్ మా ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చాడు. ఎవరేం అడిగినా అందులో ఉన్నదే చెప్పాలి: ఏమీ మారలేదు, నాణ్యత అదే, నమ్మకమూ అదే.

మర్నాటి నుంచి ఫోన్లు ఆగలేదు. నాకొచ్చిన మొదటి ఫోన్‌కే కాగితం చూసి చదివాను. అవతలి మనిషి సగంలోనే పెట్టేశాడు. అక్కకు వచ్చిన ఫోన్ పక్కన కూర్చున్న నాకూ వినిపించింది. ఆయన అంత గట్టిగా అరుస్తున్నాడు.

"నిన్నటిదాక వాళ్ల దాణా మంచిగుండదంటివి గదక్కా! గిప్పుడు మన సంచిల గదే పోస్తున్రట. గప్పుడు అబద్ధం చెప్పినవా, గిప్పుడు చెప్తున్నవా?"

అక్క కాగితం వైపు ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "గప్పుడు నేను గట్ల అన్న మాట నిజమే అన్నా. ఆ దాణా కండ్లతోని చూడకుంటనే అన్న. తప్పు నాదే. గిప్పుడు గది ఎట్లుంటదో నాకు తెల్వదు. కనుక్కొని చెప్త."

ఆ రోజు నుంచి ఆమె కాగితం బోర్లా పెట్టింది. తెలియని ప్రశ్న వస్తే నోటుబుక్కులో ఊరూ నంబరూ రాసుకునేది. జవాబు తెలిశాక ఒక్కొక్కరికీ తిరిగి ఫోన్ చేసేది.

ఆ వారంలోనే తిరుమలగిరి వైపు నుంచి ఒకామె చేసింది. భర్త మంచాన పడితే గొర్లను ఒక్కతే చూసుకుంటోంది. గొర్రెపిల్లలు పాలు మానే వేళ మా దాణానే పెడుతుంది. "కొత్త సంచి దించిన్రు అక్కా. వాసన వేరే ఉన్నది. పిల్లలకు పెట్టాల్నా, వద్దా?"

కాగితం ప్రకారం పెట్టమనాలి. అక్క మాత్రం, "పెట్టకు. రెండు రోజులు ఆగు. నేను చెప్పినంక చూద్దాం" అంది.

అవతలి కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసింది. పొత్తు సంగతులు మీ మేనేజర్‌నే అడగమన్నారు. మేనేజర్‌ను అడిగితే కాగితం చూసుకోమన్నాడు. మర్నాడు సెలవు పెట్టి, మహబూబ్‌నగర్ దాటాక ఉన్న వాళ్ల ఫ్యాక్టరీకి బస్సులో వెళ్లింది. లోపలికి రానివ్వలేదు. దాణా కలిపే ఆయన అన్నం తినడానికి బయటికి వచ్చేదాకా గేటు ముందు ఎండలో నిలబడింది.

"మాది బర్రెలకు, ఆవులకు చేసింది అమ్మా. రాగి, గదే కాపర్, ఎక్కువుంటది. గొర్లకు పడది, పానం మీదికొస్తది" అన్నాడట ఆయన.

మర్నాడు ఆఫీసుకు వస్తూనే ముందు ఆ తిరుమలగిరి ఆమెకు, తర్వాత నోటుబుక్కులో ఉన్న గొర్లవాళ్లందరికీ ఫోన్ చేసింది. సాయంత్రానికి మేనేజర్ వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"కంపెనీ పరువు తీస్తున్నవ్."

"మన మాట మీద గొర్లు సస్తె పరువుంటదా సారూ?" అంది అక్క.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు గూడ గిట్లనే చెప్తున్నవా?"

"లేదు సార్. కాగితంల ఉన్నదే చెప్తున్న" అన్నాను.

అక్క విన్నది. మర్నాడు ఎప్పటిలాగే తన గిన్నెలోని పచ్చిపులుసు నా అన్నంలో పోసింది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

నెల తిరగకుండా సంచుల మీద ‘గొర్రెలకు, మేకలకు కాదు’ అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. అవి ఎవరి వల్ల వచ్చాయో ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదే ఫోన్లన్నీ హైదరాబాదుకు, అవతలి కంపెనీ ఆఫీసుకు మార్చారు. నన్ను తీసుకున్నారు. ఆమెను తీసుకోలేదు. నోటుబుక్కు కూడా ఆమె చేతిలో ఉండనివ్వలేదు.

తర్వాత నేను ఆ ఉద్యోగం మాని నల్గొండ వచ్చేశాను. అక్క చిట్యాలలోనే ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. ఒకసారి ఫోన్‌లో, "ఎవల గొర్లు ఎట్లున్నయోనే. అడిగెటోళ్లు లేక చెవులు ఖాళీగున్నయి" అంది. నవ్వుతూనే అంది. నేను బస్సెక్కుతున్నానని చెప్పి పెట్టేశాను.

అక్కను సాగనంపడానికి వాళ్లన్న తిరుమలగిరి నుంచి ఇద్దరు మనుషులను తీసుకుని వచ్చాడు. నాకు ఫోన్ చేసిన ఇంటామె, నేను. మొత్తం ఐదుగురం. ఆమె మాట విని గొర్లను కాపాడుకున్న ఆ ఆడమనిషికి కబురు పంపుదామంటే నా దగ్గర నంబరు లేదు, పేరైనా తెలియదు.

అంతా అయ్యాక ఇంటామెతో మేడెక్కాను. తీగ మీద ఆమె ఉతికి ఆరేసిన నూలు చీర అలాగే ఉంది. తీసి మడతపెడదామని ఒక కొస పట్టుకుని ఇంటామె వైపు చాచాను. కింద ఎవరో పిలిస్తే ఆమె మెట్లు దిగుతూ చెప్పింది. "ఆ కిటికి ఊచకు ముడెయ్యి బిడ్డా. అక్క ఒక్కతే గట్లనే మడతపెట్టుకునేది."

ఊచకు కొస ముడేసి, చీర బిగుతయ్యేదాకా ఒక్కో అడుగూ వెనక్కి నడిచాను. పిట్టగోడ నా వీపుకు తగిలింది. రోడ్డు మీద పోయే లారీల గాలికి చీర మధ్యలో ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. నా కొస పట్టుకుని అలాగే నిలబడ్డాను.